తెర ఆపేసి చూసిన శనివారం

మా ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగం మెట్లు దిగి వెళ్లవలసిన అడుగు అంతస్తులో ఉంటుంది. దిగగానే మొదటి గది నాది, రికార్డు రూము. దానికెదురుగా, తలుపు ఎప్పుడూ సగం తెరిచి ఉండే గది అక్కది. అక్క అంటే నా తోడబుట్టింది కాదు. ఆ విభాగంలో టైపిస్టు. నాకంటే రెండేళ్లు పెద్ద, నాకంటే ముందు ఉద్యోగంలో చేరిన మనిషి. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ గదికీ ఈ గదికీ మధ్య నాలుగడుగుల వరండా దాటుతూ బతికినదాన్ని, ఇంకేమని పిలవను?

అక్కకు చూపు లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ సంగతి తెలియడానికి కొంత సమయం పడుతుంది. ఎందుకంటే ఆమె వేళ్లు మీటల మీద పరిగెత్తే తీరు చూస్తే ఎవరికీ ఆ అనుమానం రాదు. డాక్టరు ఫిల్ము చూస్తూ మాట్లాడతారు, ఆ మాటలు రికార్డవుతాయి. అక్క చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, రిపోర్టు టైపు చేస్తుంది. రోజుకు అరవై, డెబ్బై. ఆమె కంప్యూటరులో ఒక ప్రోగ్రాము ఉంది. తెర మీద ఏముందో, ఏ పెట్టెలో ఏం నింపిందో అది పైకి చదివి వినిపిస్తుంది. మేం దాన్ని ‘గొంతు’ అంటాం. అక్క దాన్ని ఎంత వేగంగా పెట్టుకుంటుందంటే, పక్కవాళ్లకు తుమ్మెద రొదలా వినిపిస్తుంది తప్ప ముక్క అర్థం కాదు.

పుట్టుకతో వచ్చిన లోపం కాదు అది. ఉద్యోగంలో చేరేనాటికి ఆమెకు ఇరవై ఒకటి, కళ్లు రెండూ బాగానే ఉన్నాయి. ఇరవై నాలుగో ఏట మొదలై, మూడేళ్లలో చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చింది. ఆ మూడేళ్లూ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుంటే తలనొప్పి అనేది. గుమ్మానికి గుద్దుకుంటే పరధ్యానం అనేది. రాజీనామా కాగితం రాసి చేతిసంచిలో పెట్టుకుని తిరిగేది.

ఒకరోజు ఆమె చేతులు టైపు మిషను మీద ఒక్క మీట పక్కకు జరిగాయి. పేజీ మొత్తం అలాగే కొట్టేసి లోపలికి పంపింది. అప్పటి మా ఎక్స్‌రే డాక్టరు, పెద్ద డాక్టరు గారనేవాళ్లం, ఆ కాగితం పట్టుకుని తనే లేచి వచ్చారు. నేనేదో ఫైలు కోసం అక్కడే ఉన్నాను.

“ఇదేమిటమ్మా?” అన్నారు, కాగితం బల్ల మీద పెట్టి.

“ఛాతీ ఎక్స్‌రే రిపోర్టండి,” అంది అక్క, దాని మీద చెయ్యి ఆనించి.

కాగితం మీద ఒక్కటంటే ఒక్క మాట లేదు. అంతా చెత్తాచెదారం. ఆయన వంగి ఆమె కళ్లలోకి చూశారు.

“ఎన్నాళ్లనుంచి?” అన్నారు.

అక్క నీళ్లు నమలలేదు. “మూడేళ్లయిందండి,” అని చేతిసంచి తెరిచి రాజీనామా కాగితం తీసి ఇవ్వబోయింది. అదీ వేరే ఏదో కాగితం. రాజీనామా లోపలే ఉండిపోయింది.

ఆయన ఆ కాగితాన్ని మళ్లీ ఆమె చేతిలోనే పెట్టారు. “ఫిల్ములు చూడ్డానికి నా కళ్లున్నాయి. నేను చెప్పింది చెప్పినట్టు వినేవాళ్లు కావాలి నాకు. మా ఇంట్లో ఎలాగూ దొరకడం లేదు,” అన్నారు. తర్వాత పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి తెప్పించి, కత్తెరతో గోరంత ముక్కలు రెండు కత్తిరించి, వేళ్లు ఆనవలసిన రెండు మీటల మీద తన చేత్తోనే అంటించారు. ఆ ముక్కలు తగిలితే చేతులు సరైన చోట ఉన్నట్టు. నా వైపు తిరిగి, “అమ్మాయ్, కొట్టినవి నువ్వు పైకి చదివి వినిపించు. తప్పులుంటే దిద్దుకుంటుంది,” అన్నారు.

అలా తొమ్మిదేళ్లు చదివాను. పెద్ద డాక్టరు గారు రిటైరై, ఇప్పటి డాక్టరమ్మ వచ్చాక, ఆవిడే పట్టుబట్టి మాట్లాడే కంప్యూటరు తెప్పించారు. మొదటి వారం అక్క తన పాత రిపోర్టులు తీయించి గొంతు చేత చదివించుకుంది. సాయంత్రం నా గది గుమ్మంలో నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుంది.

“తొమ్మిదేళ్లుగా నా తప్పులన్నీ నీ నోటితో దిద్ది చదివేశావుటే!”

నిజమే. కళ్లు అక్కడ ఉండవలసిన మాటనే చదువుతాయి గానీ, ఉన్న మాటను చదవవు. పెద్ద పొరపాట్లేవీ లేవు గానీ అక్షర దోషాలు కోకొల్లలు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, అక్క మాత్రం పగలబడి నవ్వింది. తన తప్పు తనే పట్టుకున్న సంతోషం అది. ఆ గొంతు విలువ నాకు ఆరోజే తెలిసింది.

ఆ గొంతు ఒకసారి పోయింది కూడా. ఆరేళ్ల కిందట, అప్పటి సిస్టమ్స్ ఆఫీసరు ఎవరినీ అడక్కుండా, అక్క భోజనానికి వెళ్లినప్పుడు ఆమె కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తదానికి మార్చేశాడు. తిరిగి వచ్చి కూర్చుంటే మిషను మూగబోయి ఉంది. పాతది మళ్లీ ఎక్కించడానికి పదమూడు పనిదినాలు పట్టింది. ఆ పదమూడు రోజులూ అక్క సొరుగులు సర్దింది, పిన్నులు వేరు చేసింది, వరండాలో బెంచీ తుడిచింది. ఒకరోజు ఎవరో రోగి తాలూకు మనిషి, “రిపోర్టు ఆలస్యమంటున్నారు, ఈవిడ చూస్తే ఊరికే కూర్చునుంది,” అని ఆమె ముందే అనేశాడు. ఆ మాట ఆమెలో అలాగే ఉండిపోయిందని నాకు తెలుసు.

ఇక అసలు సంగతి.

పోయిన ఏడాది ఒక సోమవారం ఉదయం అక్క కంప్యూటరు పెట్టగానే గొంతు ఒక కొత్త మాట చెప్పింది. “కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా ఉంది. ఇప్పుడే మార్చాలా? తర్వాత గుర్తు చేయాలా?” అక్క నన్ను కేకేసింది. వెళ్లేసరికి చేతులు మీటల మీద నుంచి తీసేసి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది, వేడి గిన్నె ముందు కూర్చున్నట్టు.

“ఎంటర్ తగిలితే ‘ఇప్పుడే’ అయిపోతుంది. తర్వాత అన్నది ఎక్కడుందో చూసి నువ్వే నొక్కు,” అంది.

నొక్కాను. అంతలో పైనుంచి సర్క్యులర్ కూడా దిగింది. పాత సిస్టమ్‌కు భద్రత మరమ్మతులు ఈ నెలాఖరుతో ఆగిపోతాయట. ఆ తర్వాత రోగుల వివరాలు దొంగల పాలైతే ఎవరు బాధ్యులు? కాబట్టి ఆసుపత్రిలోని కంప్యూటర్లన్నీ ఆలోగా కొత్తదానికి మారాలి. పరిపాలనాధికారి సంతకం.

అక్క కొత్తదంటే గిట్టని మనిషి అనుకుంటే పొరపాటు. నిజానికి ఈ కొత్తదాని మీద ఆమెకు ఆశ ఉంది. కెమెరా ముందు అచ్చుకాగితం పెడితే అది చదివి వినిపిస్తుందని రేడియోలో విన్నది. అక్కకు అపరాధ పరిశోధన నవలలంటే ప్రాణం. ఇంట్లో వాటిని చదివి వినిపించేది బావగారు, సిటీ బస్సు డ్రైవరు. మంచి మనిషే, కానీ ముందే చివరి పేజీ చూసేస్తాడు. హంతకుడి పేరు వచ్చినప్పుడల్లా ఆయన గొంతు దానంతటదే బరువెక్కుతుంది.

“మూడో పేజీలోనే తెలిసిపోతుందే! వంటమనిషి వచ్చిందని చదివేటప్పుడు అంత గంభీరం ఎందుకు, చెప్పు?” అని వాపోయేది. తన చెవులతో తనే ఒక నవల మొదటి నుంచి చివరి దాకా వినాలన్నది ఆమె కోరిక. అందుకే ఆ వారమంతా గింజుకుంది. మార్చితే నవలలు. మార్చితే మూగబోవచ్చు కూడా.

ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు బావగారు, “కొత్త బస్సు ఇచ్చిన రోజే జనాన్ని ఎక్కించం. ఖాళీగా రెండు రోజులు తిప్పుతాం. బ్రేకు ఎక్కడ పడుతుందో కాలికి తెలియాలిగా,” అన్నాడట. మర్నాడు ఆ మాట నాకు చెప్పి, “మీ బావగారు ఎప్పుడో గానీ పనికొచ్చే మాట అనరు. ఇది అలాంటిదే,” అంది అక్క.

గురువారం మధ్యాహ్నం సిస్టమ్స్ ఆవిడ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, మా దగ్గర చేరి ఏడాదైంది. మెడలో ఎప్పుడూ నాలుగు వైర్లు దండల్లా వేసుకుని తిరుగుతుంది కాబట్టి ఆసుపత్రి అంతా ఆమెను తీగలమ్మ అంటుంది. మాట కాస్త కటువు. చేతిలో లిస్టు ఉంది.

“అక్కా, మీదొక్కటే మిగిలింది ఈ అంతస్తులో. లేస్తే గంటన్నరలో చేసేస్తాను,” అంది.

“చేశాక గొంతు పలుకుతుందా?” అంది అక్క.

“పలుకుతుందనే రాశారు. కొత్తదానికి సరిపోయే వెర్షన్ వచ్చింది.”

“రాశారు సరే. నువ్వు చూశావా?”

తీగలమ్మ లిస్టు దించింది. “నేను గొంతు వాడను కదక్కా, ఏం చూడమంటారు?”

“నా పని ఒక్కసారి నువ్వు చెయ్యి. తెర ఆపేసి. ఒక్క రిపోర్టు. అది సరిగ్గా వస్తే ఆ క్షణమే లేచి కుర్చీ నీకిస్తాను.”

నేనైతే, తీగలమ్మ చేతిలో లిస్టు చూసి, మొహం చిట్లిస్తుందనుకున్నాను. ఆవిడ లిస్టు మడిచి జేబులో పెట్టుకుంది. కాసేపు అక్క మీటల బల్లకేసే చూసింది. “నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఎవరూ నన్నిలా అడగలేదు. శనివారం మధ్యాహ్నం నాకు సెలవు. వస్తాను,” అంది.

శనివారం అన్నట్టే వచ్చింది. చంకలో అచ్చం అక్కదాని లాంటి కంప్యూటరు ఒకటి, స్టోరులో పాతబడి ఉన్నది. అక్క డిస్కును మక్కీకి మక్కీ దానిలోకి నకలు చేసింది. “మీ మిషను జోలికి వెళ్లను. ఏం జరిగినా దీనికే జరుగుతుంది,” అంది. దానికి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది. అది ఎక్కేలోగా ముగ్గురం టీ తాగాం. గొంతు పలికింది, బాగానే పలికింది. అక్కకు ప్రాణం లేచొచ్చింది.

“ఇక కూర్చో,” అంది అక్క.

తీగలమ్మ తెర స్విచ్చి ఆపేసి, మౌసు ఊడదీసి నా చేతికిచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మాకూ వినబడేలా స్పీకరు కూడా పెట్టింది. వేగం బాగా తగ్గించుకుంది. అయినా రెండు నిమిషాల్లో ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఎక్కడున్నానో తెలియడం లేదు అని ఒకసారి, పైకెళ్లానా కిందికెళ్లానా అని ఒకసారి. అక్క పక్కన నిలబడి, “ట్యాబ్ కొట్టు... ఆఁ, ఇప్పుడు తేదీ పెట్టెలో ఉన్నావు... కంగారు పడకు, అది ఎక్కడికీ పోదు,” అంటూ నడిపింది. ఒక్క రిపోర్టుకు ముప్పై అయిదు నిమిషాలు. అక్కకు రెండున్నర నిమిషాల పని.

“మీకు దండం పెట్టాలక్కా,” అంది తీగలమ్మ హెడ్‌ఫోన్లు తీసి చెవులు రుద్దుకుంటూ.

అదొక పిల్లవాడి మణికట్టు ఎక్స్‌రే, ఎప్పటిదో పాత రికార్డింగు. డాక్టరమ్మ గొంతు స్పష్టంగా ‘ఎడమ మణికట్టు’ అంటుంది. ఫారంలో ‘పక్క’ అని ఒక పెట్టె ఉంటుంది. మామూలుగా అందులో ‘కుడి’ అని ఉంటుంది. బాణం మీట నొక్కితే ‘ఎడమ’కు మారుతుంది. తీగలమ్మ నొక్కింది. గొంతు ‘ఎడమ’ అనడం ఆమె విన్నది, స్పీకరు ఉంది కాబట్టి అక్కా, నేనూ విన్నాం.

తీగలమ్మ తెర స్విచ్చి వేసింది. పెట్టెలో ‘కుడి’ అని ఉంది.

“కుడి అనుంది అక్కా,” అన్నాను.

“నేను సరిగ్గానే నొక్కానే,” అంది తీగలమ్మ.

“లే,” అని అక్క కూర్చుంది. తనే చేసింది. బాణం మీట. గొంతు ‘ఎడమ’ అంది. ట్యాబ్. నా వైపు తిరిగింది. “ఏముంది?”

“కుడి.”

మళ్లీ చేసింది. మళ్లీ కుడే. నాలుగు సార్లు అలాగే. తీగలమ్మ వంగి వంగి చూసి చివరికి పట్టుకుంది. కొత్తదానిలో బాణం మీటతో ‘ఎడమ’ దాకా వెళితే చాలదు, ఎంటర్ కూడా కొడితేనే అది నిలుస్తుంది. లేకపోతే తర్వాతి పెట్టెలోకి వెళ్లగానే చప్పుడు లేకుండా మొదటికొస్తుంది. మౌసుతో ఎంచుకునేవాళ్లకు ఆ బాధ లేదు. అందుకే ఆసుపత్రిలో ఇంకెవరికీ తెలియలేదు.

అక్క తీగలమ్మ చెయ్యి కోసం గాలిలో వెతికి పట్టుకుంది. “నువ్వు రాకపోయుంటే సోమవారం నుంచి రోజుకు డెబ్బై మందికి కుడి అని పంపేదాన్ని. సరిగ్గా చేశాననే అనుకుంటూ,” అంది.

ఆరేళ్ల కింద మిషను మూగబోయింది. అది నయం. మూగబోతే తెలుస్తుంది. ఇది అబద్ధం చెప్పింది.

సోమవారం ముగ్గురం పరిపాలనాధికారి గదికి వెళ్లాం. ఆయన కొత్తగా వచ్చినవాడు, ముక్కుసూటి మనిషి. తీగలమ్మ మీటల సంగతంతా చెబితే విన్నాడు.

“ఎంటర్ కొడితే నిలుస్తోంది కదమ్మా. ఎంటర్ కొట్టండి, సరిపోతుంది,” అన్నాడు అక్కతో.

“కొడతానండి. రోజుకు డెబ్బై సార్లు గుర్తుపెట్టుకుని కొడతాను. డెబ్బై ఒకటోసారి మర్చిపోతేనండీ? ఈ కంప్యూటరు వచ్చినప్పటి నుంచీ వేళ్లకు పట్టిన అలవాటు అది.”

“పాతది ఉంచితే ఒక ప్రమాదం, కొత్తది పెడితే ఒక ప్రమాదం. నన్నేం చేయమంటారు?”

“పాతదాని ప్రమాదానికి తాళం వేయొచ్చుటండి, ఈవిడ చెబుతోంది. నా మిషనును ఆసుపత్రి నెట్ నుంచి తప్పిస్తే చాలుట. కొత్తదాని ప్రమాదానికి నా దగ్గర తాళం లేదు. అది నాకు వినపడదు. మొన్న శనివారం ఒక పిల్లవాడి ఎడమ మణికట్టు కుడి అయిపోయింది, ముగ్గురం ఎడమ అనే విన్నాం. అసలే మార్చనని అనడం లేదండి. బాగుచేశాక మొదట నాకే మార్చండి. వెంటనే వద్దంటున్నాను, అంతే.”

ఆయన పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత సర్క్యులర్ తీసి, అడుగున తన చేత్తోనే ఒక వాక్యం రాశాడు. టైపిస్టు కంప్యూటరుకు నాలుగు నెలల గడువు, నెట్ లేకుండా. సంతకం పెట్టి, “ఆ పిల్లవాడి మణికట్టు కథ నాకు ముందే చెప్పుంటే ఇంతసేపు వాదించేవాణ్ని కాదు. మా అబ్బాయికీ చిన్నప్పుడు అలాగే విరిగింది,” అన్నాడు.

నెట్ లేదంటే అర్థం ఏమిటో నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. డాక్టరమ్మ రికార్డింగులు పెన్‌డ్రైవులో వేసి తేవాలి. అక్క రిపోర్టులు పెన్‌డ్రైవులో వేసి పైకి తీసుకెళ్లాలి. ఎవరు? ఇంకెవరు! రోజుకు నాలుగు విడతలు, విడతకు ముప్పై ఆరు మెట్లు. నా మోకాళ్లు అప్పటి నుంచీ ఆపరేటింగ్ సిస్టమ్ అన్న మాట వింటే మూలుగుతాయి.

ఇక అక్క ఉత్తరం రాసింది. ఆ చదివే ప్రోగ్రామును తయారుచేసేది పెద్ద కంపెనీ ఏమీ కాదు. ఎక్కడెక్కడో ఉన్న కొద్దిమంది, చాలామటుకు తీరిక వేళల్లో చేస్తారు. ఉత్తరంలో అక్క గోడు వెళ్లబోసుకోలేదు. ఏ పెట్టెలో ఉండి, ఏ మీట నొక్కితే, గొంతు ఏమంది, తర్వాత ఏ మీట నొక్కితే పెట్టె ఏమైంది, వరసగా రాసింది. కింద పేరు పెట్టలేదు. ‘ఒక ఆసుపత్రి టైపిస్టు’ అని మాత్రం పెట్టింది. తీగలమ్మ తన మిషను నుంచి పంపింది.

నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. తీగలమ్మ పరుగున దిగి వచ్చి చదివింది. “మీరు ఏ మీట తర్వాత ఏ మీట నొక్కారో రాసినందుకు ఎంతో సంతోషం. నేను మీలాగే చేసి చూశాను, నాకూ అలాగే అయింది. ఇలాంటి ఉత్తరం నెలకొకటి వస్తే మా పని సగం తగ్గుతుంది. నేనూ తెర చూడలేనివాణ్నే కాబట్టి మీ భయం నాకు తెలుసు. మేం చెప్పేదాకా మార్చకండి.”

అక్క అది మూడుసార్లు చదివించుకుంది. “ఎక్కడో కూర్చున్నవాడు, నా మొహం కూడా తెలియదు. నా కోసం బాణం మీట నొక్కి చూశాడట,” అంది. చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లలో ఆమె ఏడవడం నేను చూసింది అదే.

అయిదో వారంలో మొదటి దిద్దుబాటు వచ్చింది. స్టోరు మిషను మీద ఎక్కించి చూశాం. ‘పక్క’ పెట్టెలో మాట నిలుస్తోంది గానీ, గొంతు ప్రతి మాటా రెండేసి సార్లు పలుకుతోంది. ఎడమ ఎడమ. మణికట్టు మణికట్టు. “నాకు కళ్లతో పాటు చెవులూ పోయాయనుకుంటోంది,” అని అక్క మళ్లీ ఉత్తరం రాసింది. పదకొండో వారంలో రెండోది వచ్చింది.

ఈసారి అక్క తొందరపడలేదు. పాత రికార్డింగులు యాభై ఏరించింది. అందులో ఎడమవే ముప్పై. రెండు రోజులు, తన పని అయిపోయాక, అన్నీ స్టోరు మిషను మీద టైపు చేసింది. నేనూ, డాక్టరమ్మా వాటిని కళ్లతో సరిచూశాం. ఈసారి నేను వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాను, పాత అపఖ్యాతి ఉంది కదా. యాభైకి యాభై సరిపోయాయి. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, “మీరు నన్నడిగుంటే మొదటి రోజే సరేననేసేదాన్ని. నేను చూసి సంతకం పెడతాను కదా, తప్పుంటే దొరుకుతుందిలే అనుకునేదాన్ని. డెబ్బైలో ఒకటైనా నా కళ్లు దాటిపోయేది,” అన్నారు.

ఒక బుధవారం ఉదయం అక్క తనే కుర్చీలోంచి లేచి, “కూర్చో తల్లీ,” అంది తీగలమ్మతో. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా అక్క గోడకు ఆనుకుని నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. మిషను ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడు కాసేపు గదిలో ఏ చప్పుడూ లేదు. తర్వాత తుమ్మెద రొద. అక్క తల పక్కకు వంచి వింది. “పలుకుతోంది,” అంది. మొదటి రిపోర్టు ఎవరిదో మోకాలు, ఎడమ. నేను తెర చూశాను. ఎడమే. పెన్‌డ్రైవు తీసి తీగలమ్మ మెడలో వైర్ల మధ్య తగిలించి చేతులు దులుపుకున్నాను.

ఆ ఆదివారం తీగలమ్మే వచ్చి ఇంటి కంప్యూటరుకు కూడా కొత్తది ఎక్కించి, కెమెరా అమర్చిపెట్టింది. అక్క నాలుగు రోజుల్లో ఒక నవల వినేసింది. హంతకుడు ఎవరో చివరి దాకా తెలియలేదట. బావగారు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగి, తర్వాత అడగలేక అడిగాడట. “వార్తాపత్రిక అయినా నన్ను చదవనిస్తావా, లేక అదీ ఆ పెట్టెకేనా?” పత్రిక ఆయనకే వదిలేసింది. అందులో ముందే చూసేయడానికి చివరి పేజీలో ఉండేది ఆటల వార్తలే కదా అంది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం అక్క పిలిచింది. చదివే ప్రోగ్రాములో, దాన్ని తయారుచేసినవాళ్ల పేర్ల పట్టీ ఒకటి ఉంటుంది. ఎవరూ తెరవరు దాన్ని. అక్క తెరిచి, నాకు అర్థమయ్యేలా వేగం తగ్గించి, స్పీకరు పెట్టింది. పేర్లు, పేర్లు, పేర్లు. ఏ దేశాలవో, ఎలా పలకాలో గొంతుకే తెలియనివి. రెండు వందలకు పైనే. ఇద్దరం కదలకుండా విన్నాం. సాయం చేసినవారు అన్న శీర్షిక కింద, చివర్లో, ‘ఒక ఆసుపత్రి టైపిస్టు’ అని వచ్చింది.

నేను చప్పట్లు కొట్టాను. అక్క మొహంలో మాత్రం ఏదో వెలితి.

“తీగలమ్మ లేదే ఇందులో,” అంది. “నేను నోటితో అడిగానంతే. సెలవు పూట వచ్చి తెర ఆపుకుని కూర్చుంది ఆవిడ కదా.”

అప్పటికప్పుడే ఇంకో ఉత్తరం కొట్టడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే ఏం జరిగిందో వరసగా. ఏ శనివారం, ఎన్ని నిమిషాలు, ఏ రిపోర్టు, ఎవరు ముందు తెర వేసి చూశారు. తీగలమ్మకు తెలిసి వచ్చి, “ఇవన్నీ ఎందుకక్కా, నా పని నేను చేశాను,” అని గొణుగుతూ, ఎర్రబడిన మొహంతో పై అంతస్తు ప్రింటరు పాడైందని సాకు చెప్పి వెళ్లిపోయింది. అక్క వినిపించుకోలేదు. ఉత్తరం చివరిదాకా కొట్టి, మొదటి నుంచి మళ్లీ ఒకసారి గొంతు చేత చదివించుకుని, ఒక అక్షర దోషం దిద్ది, పంపింది.